చూసి చెప్పేవాళ్లు

గడియారాలు బాగుచేసే ముసలాయనకి చూపు పోయింది. ఒక్కసారిగా పోలేదు. మూడేళ్లపాటు అంచుల నుంచి లోపలికి కమ్ముకుంటూ వచ్చి, ఆ ఏడు వానాకాలంలో పూర్తిగా మూసుకుపోయింది. నరం ఎండిపోయిందని, ఇక ఆపరేషన్‌తో తిరిగొచ్చేది కాదని డాక్టరు చెప్పాడు.

ఆయన పెరట్లో ఒక దుర్భిణి ఉంది. దాని అద్దాన్ని రెండేళ్లు కూర్చుని ఆయనే అరగదీశాడు. తెల్లవారుజామున లేచి, దానికి కన్ను ఆనించి గ్రహాల్ని చూడటం ఇరవయ్యేళ్ల అలవాటు. అన్నేళ్లలో ఒక్కరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు. ఎవరైనా గోడ మీంచి తొంగిచూస్తే, పనిలో ఉన్నానని చెప్పి పంపేసేవాడు.

చూపు పోయాక కూడా నాలుగింటికే మెలకువ వచ్చేది. పెరట్లోకి వెళ్లి స్టూలు మీద కూర్చునేవాడు. దుర్భిణి కిందిభాగంలో ఆయన బిగించిన పళ్ల చక్రాలున్నాయి. ఒక్కో పన్ను తిరిగినప్పుడల్లా టిక్కుమంటుంది. ఏ నెలలో ఏ గ్రహం ఎన్ని టిక్కుల దూరంలో ఉంటుందో ఆయనకి కంఠస్థం. వేళ్లతో లెక్కపెట్టుకుంటూ దుర్భిణిని శనిగ్రహం వైపు తిప్పగలడు. తిప్పాక చూడటానికే ఎవరూ లేరు.

ఒకరోజు వీధిలో సైకిలు చప్పుడు విని, మొహమాటం చంపుకుని పాలతన్ని పిలిచాడు. కాస్త ఇందులో చూసి ఏం కనబడుతోందో చెప్పమన్నాడు. పాలతను క్యాన్లు దింపి, కన్ను పెట్టి, ఒక్క క్షణం ఆగి, ధగధగా మెరిసిపోతోందండీ అన్నాడు. మర్నాడు పొద్దున్నే నడకకి వెళ్లే లెక్కల మాస్టారిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. మాస్టారు ఏకంగా ఏడు వలయాలు లెక్కపెట్టానన్నాడు.

అలా తొమ్మిది రోజులు గడిచాయి. మొదట్లో వాళ్ల మాటలు వింటుంటే ముసలాయనకి కడుపు నిండినట్టుండేది. రానురాను లోపల ఏదో తేడా కొట్టింది. శని ఒకరోజు ఎర్రగా ఉందంటారు, ఒకరోజు పచ్చగా ఉందంటారు. ఆ అద్దంలో ఏడు వలయాలు కనబడే వీలే లేదు. వాళ్లు కల్పించి చెబుతున్నారని ఆయనకి తట్టలేదు. తన అద్దమే చెడిపోయిందనుకున్నాడు. లేకపోతే టిక్కుల లెక్క తప్పుతున్నాననుకున్నాడు. కళ్లు పోతే వేళ్లున్నాయి కదా అని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాడు. ఆ వేళ్లూ పనికిరాకుండా పోయాయంటే తట్టుకోలేకపోయాడు. మర్నాడే దుర్భిణిని విప్పేసి, గుడ్డలో చుట్టి అటక మీద పడేయాలని నిశ్చయించుకున్నాడు.

పదో రోజు, పాలతను రాకముందే, బజారుకి పూలు తీసుకెళ్లే ఒకావిడ గేటు దగ్గర ఆగింది. ఇందులో చుక్కలు దగ్గరగా కనబడతాయని పాలతను చెప్పాడని, తనూ ఒకసారి చూడొచ్చా అని అడిగింది. ఎలాగూ ఇదే ఆఖరు కదా అని ముసలాయన రమ్మన్నాడు. ఆవిడ బుట్ట దింపి, వంగి, చాలాసేపు చూసింది.

"ఏమీ లేదండి," అంది.

"సరిగా చూడమ్మా."

"చూశానండి. నల్లగా ఉంది. చీకట్లో కుండలోకి చూసినట్టుంది."

ముసలాయన లేచి, గొట్టాన్ని తడుముకుంటూ చివరిదాకా వెళ్లాడు. చివర వేళ్లకి చల్లటి రేకు తగిలింది.

మూత. పాలతన్ని మొదటిసారి పిలవడానికి ముందురోజు తుంపర పడితే తనే బిగించాడు. చూపున్న రోజుల్లో దాన్ని తీయడం ఆలోచించి చేసే పని కాదు. చూపుతోపాటు ఆ అలవాటూ పోయింది.

మూత మీద చెయ్యి ఉంచి ఆయన అలాగే నిలబడ్డాడు. తొమ్మిది రోజులు ఆ ఇద్దరూ ఈ చీకట్లోకే చూశారు. ఆ తర్వాత తన మొహంలోకి చూసి, ఏదో ఒకటి చెప్పారు. ఒక్క రోజూ మానకుండా వచ్చి మరీ చెప్పారు. కోపం వస్తుందేమో అనుకున్నాడు. రాలేదు.

మూత తీసి, ఇప్పుడు చూడమన్నాడు.

ఆవిడ మళ్లీ వంగి కన్ను పెట్టింది.

"చిన్నదండి. ధనియపు గింజంత. దాని చుట్టూ చేతిగాజు లాంటిది ఉంది. గాజు గింజకి అంటుకుని లేదు, మధ్యలో సందుంది. ఆ సందులో నల్లగా ఉంది." అంతలోనే కంగారుపడింది. "పక్కకి జరిగిపోతోందండి. నేనేం ముట్టుకోలేదు."

ముసలాయనకి నవ్వూ కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి. ఆ సందుని ఎవరూ కల్పించి చెప్పలేరు. ఇరవయ్యేళ్ల కిందట మొదటిసారి తను ఊపిరి బిగబట్టింది ఆ సందుని చూసే. భూమి తిరిగిన మేరకు చక్రాన్ని ఒక్క టిక్కు తిప్పి, మళ్లీ వచ్చిందా అని అడిగాడు. వచ్చిందంది. అద్దం బాగానే ఉంది. వేళ్లూ బాగానే ఉన్నాయి. నన్ను బతికించావమ్మా అన్నాడాయన.

"లేనిది లేదన్నాను, అంతేగా," అని ఆవిడ బుట్ట ఎత్తుకుని బజారుకి వెళ్లిపోయింది.

కాసేపటికి పాలతను, మాస్టారు వచ్చారు. ముసలాయన వాళ్లకి మూత సంగతి చెప్పలేదు. ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చుని, ఏం కనబడుతోంది అని అడిగాడు.

పాలతను కన్ను పెట్టాడు. రోజూ పెట్టీపెట్టగానే మాట్లాడేవాడు, నోరు మెదపలేదు. మాస్టారు వంతు వచ్చింది. ఆయనా ఏమీ లెక్కపెట్టలేదు. పెరడంతా నిశ్శబ్దంగా ఉంది. ముసలాయన చెవులు రిక్కించి ఆ నిశ్శబ్దాన్ని చివరిదాకా విన్నాడు. అన్ని రోజులూ వాళ్లు చెప్పిన ఏ మాటా ఆయనకి అంత స్పష్టంగా వినిపించలేదు.

"పెద్దయ్యా, నిన్నటిదాకా మేము..." అని పాలతను ఆగిపోయాడు.

"తెలుసు," అన్నాడు ముసలాయన. చెయ్యి చాచి, అతని చెయ్యి దొరికేదాకా వెతికి పట్టుకున్నాడు. "తొమ్మిది రోజులు నా కోసం చూశారు. ఇవాళ మీ కోసం చూసుకోండి."

పాలతను మళ్లీ వంగాడు. ఆ రోజు ఆ వీధిలో పాలు ఆలస్యంగా అందాయి.