నూనె మానేసిన బాతులు

జమ్ము మడుగులో పొద్దున్నే బాతులన్నిటికీ ఒకటే పని. తోక మొదట్లో ఉండే నూనె బుడిపెని ముక్కుతో నొక్కడం, ఆ నూనె ఈకలకి పట్టించడం, పట్టిస్తూ వాళ్లమీదా వీళ్లమీదా చెప్పుకోవడం.

కబుర్లు మంచి ఊపులో ఉండగా గట్టు మీద సింగారి దిగింది. కిందటేడు వలస బాతుల వెంట మంచు దేశం పోయిన బాతు అది. పోయేటప్పుడు నిగనిగలాడుతూ పోయింది. వచ్చేసరికి పగిలిన పత్తికాయలా ఉంది.

వాళ్లక్క గవరమ్మ గబగబా గట్టు దగ్గరికి ఈదుకొచ్చింది. "ఏమే, ఇలా అయిపోయావేంటే? అక్కడ తిండి పెట్టలేదా?"

"స్టైలు అక్కా ఇది!" సింగారి మెడ ఇటోసారి, అటోసారి తిప్పింది. "నేనుండేది పెద్ద హోటల్లో, పాలరాతి తొట్టిలో. రోజూ షాంపూతో రుద్దుతారు, మిషను పెట్టి వేడిగాలి కొడతారు. నూనె రాసుకున్నదాన్ని అక్కడ బాతుల్లోనే లెక్కెయ్యరు."

"సరేగానీ నీళ్లలోకి రా. నాలుగు నత్తలు తిందువుగాని."

"ఇప్పుడా? సెట్టు చేసిందంతా పాడైపోద్ది!"

ఒక పడుచు బాతు భయం భయంగా దగ్గరికొచ్చింది. "అయితే మేం జిడ్డుగా ఉన్నామా వదినా?"

సింగారి దాని రెక్క వాసన చూసి, ముక్కు పక్కకి తిప్పుకుంది. అంతే. మడుగంతా ఒకళ్లనొకళ్లు వాసన చూసుకోవడం మొదలు.

జమ్ములోంచి నక్క ఇదంతా వింటోంది. ఎన్నేళ్ల నించో అది ఈ బాతుల కోసం గట్టు కాస్తోంది. తను కదిలితే చాలు, ఇవి నీళ్లలోకి జారిపోయి నడి మడుగులో తేలుతూ నవ్వేవి. నూనె లేని బాతు తేలదని దానికి బాగా తెలుసు.

మర్నాడు గట్టు మీద కుంకుడుకాయల కుప్ప. దూరంగా ఒద్దికగా నక్క.

"ఏంటి మావా ఇది?" అన్నాయి బాతులు.

"మీకే తల్లీ. షాంపూ మనూళ్లో ఎక్కడ దొరుకుద్ది? జిడ్డుకి కుంకుడుకాయే మొగుడు."

"మరి నీకేంటి లాభం?" అంది గవరమ్మ.

"ముసలాణ్ణి, నాకేముందమ్మా. మీరు అందంగా తయారైతే కడుపు నిండిపోద్ది."

అబద్ధం ఆడలేదు పాపం.

గవరమ్మకి ఇష్టం లేదు. కానీ చెల్లెలి మొహం చిన్నబోవడం చూడలేక, "సరేలే, దాని ముచ్చట" అని పిల్లల్ని వెంటేసుకుని తనూ వరసలో నించుంది.

కాయలు చితక్కొట్టి, గుంటలో నానేసి రుద్దుకున్నాయి చూడండి, గట్టంతా నురగే. ఎండకి ఆరాక ఒక్కో బాతు రెండు బాతులంత అయ్యింది. అటు పోతున్న ఎండ్రకాయ ఒకటి ఆగి, "ఏమ్మా, మడుక్కి గొర్రెలొచ్చాయా?" అని అడిగి పోయింది.

అప్పుడు దూకింది నక్క.

బాతులన్నీ అలవాటుగా నీళ్లలో పడ్డాయి. పడ్డవి తేలలేదు. ఈకలు నీళ్లు తాగి తడిసిన గోనెసంచుల్లా బరువెక్కాయి. ఎగరబోతే రెక్క లేవదు.

"అక్కా, మునిగిపోతన్నా!" అని సింగారి కేక. హోటలు తొట్టిలో నీళ్లు మోకాలి దాకానే. లోతు నీళ్లలో దిగి ఏడాదైంది, ఈ సంగతి దానికెలా తెలుస్తది?

గవరమ్మ పిల్లల్ని వీపు మీదకి ఎక్కించుకుంటోంది. ఎక్కించుకున్న కొద్దీ తను కిందకి పోతోంది.

నక్క గట్టు మీద తోక పరుచుకుని కూర్చుంది. "తొందరేం లేదమ్మా. ఒక్కొక్కరే గట్టెక్కండి. ముందు పిల్లలు."

ఆ మాటతో సింగారికి స్టైలంతా దిగిపోయింది. అక్క పిల్లల మీదకి ఈ గండం తెచ్చింది తనే. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కాళ్లు తపతపా కొట్టుకుంటూ ఎలాగో గట్టెక్కి, నక్క ముందు నించుని, ముక్కు పక్కకి తిప్పుకుంది.

"ఏం?" అంది నక్క.

"ఏం లేదులే మావా."

"చెప్పవే!"

"తింటే తిను. కానీ ఇంత విందు ముందు పెట్టుకుని ఆ కంపేంటి మావా? మంచు దేశం నక్కలు మొహం కడక్కుండా ఎలకనైనా ముట్టుకోవు."

నక్క తన భుజం వాసన చూసుకుంది. "అంత కంపా?"

"ఆడనక్కలు ఇటు రావడం మానేసింది ఎందుకనుకున్నావు?"

నక్క గతుక్కుమంది. "మరేం చెయ్యాలంటావు?"

ఇందాక రుద్దుకునేటప్పుడు కుంకుడు రసం ఒక్క చుక్క పడితేనే సింగారి కన్ను చింతనిప్పయ్యింది. "ఆ గుంటలో మిగిలిన రసంలో మూతి ముంచి రుద్దుకో. కళ్లు మాత్రం ఇంతింత చేసి తెరవాలి. మెరుపంతా అక్కడే వస్తది."

పుట్టాక తలంటన్నది ఎరగని నక్క. చెప్పినట్టే కళ్లు తెరిచి ముంచింది.

"అమ్మోయ్! నా కళ్లు! పోయాయే!"

"పోలేదు మావా, మెరుస్తన్నాయి! ఇంకాస్త రుద్దు!"

నమ్మి ఇంకాస్త రుద్దింది. ఆ తర్వాత దానికి గట్టేదో, చేనేదో తెలియలేదు. గెంతుకుంటూ పోయి తుమ్మ కంపలో పడింది.

బాతులు ఒకదాన్నొకటి ముక్కుతో నెట్టుకుంటూ బయటపడ్డాయి. సింగారి తల దించుకుని ఓ మూల నించుంటే, గవరమ్మ వచ్చి, "ఇటు తిరుగు" అని దాని వీపుకి నూనె పట్టించసాగింది.

"తిట్టవే అక్కా."

"ముందు రాయనీ. తిట్టడానికి ఏడాదంతా ఉంది."

నక్క మాత్రం ఉబ్బిన కళ్లతో పొలం గట్ల మీద తడుముకుంటూ, ఎదురైన వాళ్లనల్లా అడుగుతూనే ఉంది: "చూసి చెప్పండయ్యా, మెరుస్తన్నాయా?"

పరాయి చోట చూసిన అందం తెచ్చుకోవచ్చు, కానీ ముందు మన నీళ్లలో అది తేలుద్దో లేదో చూసుకోవాలి.