నాలుగడుగుల దారి

అనగనగా ఒక అడవి, పిల్లలూ. ఆ అడవిలో కొండ మీద నుంచి ఏటికి దిగే వీధి ఒకటి ఉండేది. దాహమేస్తే చీమ నుంచి ఏనుగు దాకా అందరూ ఆ వీధినే నడవాలి. అందుకే అంగళ్ళన్నీ అక్కడే వెలిశాయి.

వీధి మలుపులో మొదటి అంగడి నూకాలమ్మది. నూకాలమ్మ ముళ్ళపంది. మగడు పోయాడు. ముగ్గురు పసిపిల్లలు. చిలగడదుంపలు కాల్చి అమ్ముకుని వాళ్ళను సాకేది. నిప్పుల మీద దుంప తొక్క చిట్లి తీపి వాసన వచ్చిందంటే, పరిగెత్తే లేడి కూడా ఆగిపోయేది.

మొదట్లో ఆ వీధికి అంచున సన్నటి దారి ఉండేది. వీధి నడుమ ఏనుగులూ దున్నలూ నడిచేవి. అంచున కుందేళ్ళూ తాబేళ్ళూ కౌజుపిట్టలూ నడిచేవి. ఒక ఏడాది, పక్క అంగడి ఎలుగుబంటి జోగయ్య తన తేనె కుండలను రెండడుగులు ముందుకు జరిపాడు. కుండలు అడ్డొచ్చి నూకాలమ్మ పొయ్యి ఎవరికీ కనపడలేదు. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? తనూ నాలుగడుగులు జరిగింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ జరిగారు. అంచు దారి మాయమైపోయింది. చిన్న ప్రాణులన్నీ దున్నల గిట్టల మధ్య నడవాల్సి వచ్చింది.

ఏనుగు పెద్దమ్మ అందరినీ పిలిచి, "అంగళ్ళన్నీ నాలుగడుగులు వెనక్కి జరగాలి" అంది.

"నేను ముందుకు జరిగాక నా పాత చోట్లోకి బండరాయి దొర్లిపడింది పెద్దమ్మా. పొయ్యి ఎక్కడ పెట్టుకోను?" అని అడిగింది నూకాలమ్మ.

"అది నీ సంగతి" అంది పెద్దమ్మ.

"మలుపులో ఉన్న నూకాలమ్మ ముందు జరగనీ. తర్వాత మేం జరుగుతాం" అన్నాడు జోగయ్య.

నూకాలమ్మ తల వంచుకుని, "వానలు వెళ్ళాక చూద్దాం" అంది. మాట అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు తాబేలు కూర్మయ్య వచ్చాడు. ఆయన రోజూ వచ్చి ఒక దుంప తిని, పిల్లల్ని కాసేపు వీపున ఎక్కించుకుని ఆడించి వెళ్ళేవాడు. నూకాలమ్మ ఆయన్ను మావా అని పిలిచేది.

"నూకాలూ, బండ పక్కన మెత్తటి నేల ఉందమ్మా. తవ్వి చూసొచ్చాను. నేనూ కుందేళ్ళూ కలిసి నీకు కొత్త పొయ్యి వేసిపెడతాం. పదిరోజుల పని" అన్నాడు.

"పదిరోజులు పొయ్యి వెలగకపోతే పిల్లలకేం పెట్టను మావా?"

"మా ఇంట్లో తింటారు."

నూకాలమ్మకు ఆశ పుట్టింది. అంతలోనే భయమూ వేసింది. "ఈ పదిరోజుల్లో జనం వేరే అంగడి మరిగితే? వద్దు మావా. వానలు వెళ్ళనీ."

కూర్మయ్య బలవంతపెట్టలేదు. "సరేనమ్మా. నాకేం, మెల్లగా తప్పుకుంటూ వస్తాలే" అన్నాడు.

మొదటి వానకు ఒక కౌజుపిట్ట కాలు దున్న గిట్ట కింద నలిగింది. అందరూ అయ్యో అన్నారు.

రెండో వానకు ఒక కుందేలు చెవి చీలింది. నూకాలమ్మ పరుగున వెళ్ళి పసుపు అద్ది కట్టు కట్టింది. తినమని వేడి దుంప కూడా ఇచ్చింది. పొయ్యి మాత్రం జరపలేదు.

మూడో వాన మిట్టమధ్యాహ్నం ఉరుములతో విరుచుకుపడింది. ఏటి దగ్గరున్న దున్నల మంద బెదిరి కొండవైపు పరుగెత్తింది. అప్పుడే కూర్మయ్య మలుపు దగ్గరికి వస్తున్నాడు. గిట్టల చప్పుడు విని పక్కకు తిరిగాడు. పక్కన చూరు కింద నూకాలమ్మ పొయ్యి భగభగ మండుతోంది. ఇటు పోదామంటే నిప్పు. అటు పోదామంటే మంద.

"అమ్మా నూకాలూ!" అని అరిచాడు.

ఆమె ఒక్క ఉదుటున బయటికి వచ్చింది. అప్పటికే మంద దాటిపోయింది. కూర్మయ్య డిప్ప పగిలి వెల్లకిలా పడి ఉన్నాడు. వెనకబడిన ఒక దున్న, "నాకు కనపడలేదు, నిజంగా కనపడలేదు" అని ఏడ్చింది.

నూకాలమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. "మావా, మావా" అని పిలిచింది. కూర్మయ్య మెల్లగా కళ్ళు తెరిచాడు.

"దుంపలు మాడుతున్నాయమ్మా. చూసుకో" అన్నాడు. అంతే. మళ్ళీ మాట్లాడలేదు.

ఆ వానలోనే నూకాలమ్మ తన గోళ్ళతో పొయ్యిని పెళ్ళగించేసింది. తెల్లారి కుందేళ్ళు వచ్చి, కూర్మయ్య చూపించిన చోటే కొత్త పొయ్యి తవ్వడం మొదలుపెట్టాయి. ఏనుగు పెద్దమ్మ వచ్చి అడ్డున్న బండను దొర్లించింది. "ఆ రోజు నీ సంగతి అనేసి చేతులు దులుపుకున్నాను. నాదీ తప్పే" అంది. జోగయ్య తన కుండలు వెనక్కి మోసుకున్నాడు. మిగతా అంగళ్ళూ జరిగి, అంచు దారి మళ్ళీ తెరుచుకుంది. ఆ పదిరోజులూ నూకాలమ్మ పిల్లలు ఇంటికొక పూట తిన్నారు.

మళ్ళీ పొయ్యి వెలిగింది. ఆమె భయపడినట్టు ఎవరూ వేరే అంగడి మరగలేదు. కొత్త దారి వెంట చిన్న ప్రాణులు నిమ్మళంగా వచ్చి మునుపటికంటే ఎక్కువే కొన్నాయి. అది చూసినకొద్దీ ఆమెకు దుఃఖం పొంగుకొచ్చేది. ఇంతేనా, ఇంత సులువా అనుకునేది.

ఒకరోజు కూర్మయ్య భార్య వరహాలమ్మ ఆ దారిన నడిచి వచ్చి అంగడి ముందు కూర్చుంది.

"దారి బాగుందే నూకాలూ. ఎవరికీ తప్పుకోకుండా వచ్చేశాను. మీ మావ అడిగినప్పుడే వేసుంటే..." అని ఆగిపోయింది.

నూకాలమ్మ ఆమె కాళ్ళ మీద పడిపోయింది. "నన్ను తిట్టు అత్తా. ఒక్కమాటైనా తిట్టు."

"తిడితే వస్తాడా?" అంది వరహాలమ్మ.

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. వాళ్ళ పక్కనే, అంచు దారిలో, కౌజుపిట్టల పిల్లలు కేరింతలు కొడుతూ ఏటికి పోతున్నాయి.

నీతి: అందరూ నడిచే దారిని మన అంగడి కోసం మింగెయ్యకూడదు, అంగడివాళ్ళ కడుపు సంగతి పట్టించుకోకుండా జరగమనీ అనకూడదు. ఈ రెండు సంగతులూ అందరూ కలిసి కూర్చుని ఆలోచించుకోవాలి, అదీ ఒక ప్రాణం పోకముందే.