ఏసీ పెట్టెకు నీడ

విశాలాక్షమ్మ గారిని ఎవరేది అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. ముందు చెప్పులు వేసుకునేవారు. జమ్మికుంటలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం పాత శిష్యుడు సారంగపాణి వచ్చి, "టీచర్, బయట బిగించే ఏసీ పెట్టెకు నీడ కడితే కరెంటు ఆదా అవుతుందా?" అని అడిగాడు. అతనూ ఇప్పుడు కాలేజీ లెక్చరరే. తల్లి కొమురమ్మ తుంటి విరిగి మంచాన పడితే, ఆమె కోసం ఏసీ పెట్టించాడు. బయటి పెట్టె ఎండలో కాగిపోతోందని పైన రేకు వేసి, చుట్టూ గోనెపట్టాలు బిగించాడు. గది చల్లబడలేదు సరికదా, మునుపటికన్నా ఎక్కువగా ఉక్కపోస్తోంది. తన తెలివి ఎక్కడ తప్పిందో అతనికి అంతుపట్టలేదు.

ఆవిడ అతని వెంట వచ్చి, పెట్టె ముందు ఆగి, "పట్టా ఎత్తి లోపల తల పెట్టు" అన్నారు.

పెట్టాడు. పొయ్యిలో పెట్టినట్టయింది. పెట్టె వదిలిన వేడిగాలి దారిలేక గోనెకు తగిలి వెనక్కి తిరుగుతోంది. దాన్నే పెట్టె మళ్లీ పీల్చుకుంటోంది. అతను దగ్గుతూ తల బయటికి తీసి, పట్టాలన్నీ విప్పేశాడు.

"మరి పైన రేకు ఉంచనా, టీచర్?"

"ఉంచు. కాస్త మేలే. చాలా కాస్త."

ఆ మాట అతనికి మింగుడుపడలేదు. ఆవిడ అప్పటికే గదిలోకి వెళ్లి, కొమురమ్మ మంచం పక్కనున్న పడమటి గోడకు అరచెయ్యి ఆనించారు. అతనూ ఆనించి, చురుక్కుమనడంతో చెయ్యి లాక్కున్నాడు.

"ఆ గోడ రోజూ గిట్లనే కాలుతది బిడ్డా" అంది కొమురమ్మ. "నువ్వు ఆ పెట్టె ముచ్చట్లనే ఉంటివి. నేనేం జెప్పుదు?"

సారంగపాణి ముఖం చిన్నబోయింది. ఆ పూటే వెదురు బొంగులు తెచ్చి, గోడకు కాస్త ఎడంగా పాతి, గోడకూ కిటికీకీ నీడ పడేలా ఆ పట్టాలే కట్టాడు.

మర్నాడు సాయంత్రం విశాలాక్షమ్మ గారు వచ్చేసరికి కొమురమ్మ దుప్పటి మెడదాకా లాక్కుని నిద్రపోతోంది. ఏసీ మధ్యమధ్య ఆగుతూ తీరుబడిగా నడుస్తోంది. సారంగపాణికి మాత్రం సందేహం తీరలేదు.

"ఇంతకీ నా ప్రశ్నకు జవాబు అవునా, కాదా, టీచర్?" అన్నాడు మెల్లగా.

ఆవిడ నిద్రపోతున్న కొమురమ్మ వైపు చూశారు.

"ఎండ ఎవరికి తగులుతోందో ముందు చూసుకోవాలి కదా, నాయనా" అన్నారు.