దిష్టి ఉప్పు

పూర్వం ఒక కొండసీమలో తేనెకు కొదవ లేదు గానీ ఉప్పు పుట్టేది కాదు. ఏటా పొరుగునున్న పెద్ద రాజ్యపు మంత్రి ఉప్పు బండ్లు తోలుకొచ్చేవాడు. అవి రావడానికి వారం ముందు ఒక సోదెమ్మ వచ్చి, దిష్టి తీస్తానని ఇంటింటా గుప్పెడు ఉప్పు అడిగేది. ఇల్లాలి చెయ్యి కుండలో ఎంత లోతుకు దిగుతోందో కనిపెట్టి పోయేది.

ఆ చూపును పసిగట్టింది ముసలి పోలి ఒక్కతే. నిరుడు అందరి చేతులూ కుండ అడుగును తాకాయి. మంత్రి మానెడు ఉప్పుకు కడవెడు తేనె అడిగాడు. తేనంతా ఉప్పుకే పోయింది. గింజలు కొనుక్కోలేని ఆ ఏడే పోలి మనవరాలు ఆకలికి పోయింది.

ఈసారి పోలి మాట విని అందరూ కుండల్లో ఇసుక నింపి, పైన ఉప్పు పరిచారు. సోదెమ్మ చూసి వెళ్ళింది. కుండలు నిండుగా ఉన్నాయనుకుని మంత్రి సంతలో మానెడు తేనెకే మానెడు ఉప్పు ఇచ్చాడు. ఒక్క పూటలో బండ్లన్నీ ఖాళీ అయ్యేసరికి అతని మొహం మాడిపోయింది.

"కుండల నిండా ఉప్పు పెట్టుకుని మళ్ళీ ఇంత కొన్నారేమే, ముసలీ?"

"మా కుండల్లో ఏముందో తమరికెలా తెలుసు, దొరా? తమరెప్పుడూ మా గడప తొక్కలేదే."

సంతంతా అతనివైపు చూసింది. మంత్రి బండెక్కాడు.

ఊరు నవ్వింది. పోలి నవ్వలేదు.

"వచ్చే ఏడు ఆ సోదెమ్మ కుండ అడుగు ఉప్పే దిష్టికి పనికొస్తుందంటుంది" అని, మనవరాలి గిన్నెలో ఉప్పు పోసుకుని ఇంటిదారి పట్టింది.