చిల్లు లేని పొట్లం

ఏగిసకోన అడవిలో కొండముచ్చులు, దుప్పులు, కుందేళ్లు, ముంగిసలు, అడవికోళ్లు కలిసిమెలిసి బతికేవి. ఒకరి కబురు ఇంకొకరికి చేరడానికి అడవంతా కబురుచెట్లు ఉండేవి. కబురును మోదుగాకు మీద ముల్లుతో గీసి, పొట్లం కట్టి పంపేవారు. చెట్టు దగ్గరున్న జంతువు పైన పేరు చూసి పక్క చెట్టుకు అందించేది. లోపల ఏముందో దానికి అనవసరం.

కబురుచెట్లన్నిటికీ పెద్ద నల్లమూతి అనే కొండముచ్చు. దానికి ఒక ఆలోచన వచ్చింది. ఇకమీదట ప్రతి పొట్లంలో కబురుతో పాటు, దాన్ని ఏం చేయాలో చెప్పే ఆకు ఒకటి, పనాకు, కూడా ఉంటుంది. వాగు దారి మూసుకుపోతే గుట్ట మీదుగా పంపమని ఆకు చెబితే అలాగే పంపాలి. ఎండ తగ్గేదాకా నీడన ఉంచమంటే ఉంచాలి. ఆకు చెప్పింది చేస్తే చాలు, ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

నిజం చెప్పాలంటే ఆలోచన మంచిదే. కబుర్లు చకచకా చేరాయి. అందరూ మెచ్చుకునేసరికి నల్లమూతికి కాళ్లు నేల మీద నిలవలేదు. అసలే కొండముచ్చు, అంతకుముందు మాత్రం ఎప్పుడు నిలిచాయి గనుక!

బండ కింది కబురుచెట్టును చూసుకునే ముసలి ఏదుపంది ముళ్లత్త మాత్రం ఒక సంగతి అడిగింది. పొట్లం చేతులు మారినప్పుడల్లా దానికి ముల్లుతో ఒక చిల్లు పొడవాలట. దాన్ని చూసి ఇంకో పొట్లం కడితే దానికీ అన్ని చిల్లులే పొడవాలట. ఏడు చిల్లులు పడ్డాక దాని మాట ఎవరూ వినకూడదట.

"ఎంత మంచి పనైనా ఎక్కడో ఒకచోట ఆగాలి నాయనా," అంది.

"చక్కటి పొట్లాలకు చిల్లులా? నీకు అన్నిటికీ ముళ్లే గుర్తొస్తాయి అత్తా," అని నల్లమూతి నవ్వేసింది.

వానాకాలం వచ్చింది. అడవికోడికి తొమ్మిది పిల్లలు పుట్టాయి. ఆ సంతోషం అడవంతటికీ తెలియాలని అది పొట్లం పంపింది. ఇలాంటివే రెండు చేసి పక్క చెట్లకు పంపమని పనాకు మీద రాసింది. ఎప్పుడు ఆపాలో రాయలేదు. పాపం, దానికి తట్టలేదు.

ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. వెళ్లిన చెట్టుకే మళ్లీ మళ్లీ వచ్చాయి. తన పద్ధతి ఎంత జోరుగా నడుస్తోందో అని నల్లమూతి మొదట మురిసిపోయింది. మధ్యాహ్నానికి అది చూసుకునే చెట్టు కింద పొట్లాలు కుప్పపడ్డాయి. గీసి గీసి, కట్టి కట్టి దాని వేళ్లు వాచాయి. అయినా తాను పెట్టిన కట్టుబాటును తానే ఎలా తప్పుతుంది? చేస్తూనే ఉంది.

ఆ పొద్దున్నే వాగు పొంగుతోందని ఎగువ నుంచి ముంగిస రెండు పొట్లాలు పంపింది. ఒకటి పల్లంలోని దుప్పులకు, ముళ్లత్త దారిన. రెండోది వాగు నడుమ లంకలో పిల్లలతో ఉండే కుందేలు మెత్తమ్మకు, నల్లమూతి దారిన. మెత్తమ్మ నల్లమూతికి తోబుట్టువులాంటిది.

కోడిపిల్లల కబురు రెండోసారి రాగానే ముళ్లత్త దాన్ని పక్కన పెట్టేసింది. అందుకే దాని దారి ఖాళీగా ఉంది. దుప్పులు గుట్టెక్కి బతికిపోయాయి.

నల్లమూతికి పొట్లాల కుప్ప అడుగున ముంగిస పొట్లం దొరికేసరికి సాయంత్రమైంది. విప్పి చదివి వాగు దగ్గరికి పరుగెత్తింది. అక్కడ లంక లేదు. మెత్తమ్మ ఒక్కతే ఒడ్డున తడిసి కూర్చుంది. మూడు పిల్లలనూ వాగు తీసుకుపోయింది.

"కబురు ఎప్పుడొచ్చింది అన్నా?" అని నల్లమూతి చేతిలోని పొట్లం చూసి అడిగింది.

నల్లమూతికి అబద్ధం నోట రాలేదు. "పొద్దున్నే," అంది.

మెత్తమ్మ వాగు వైపు తిరిగి కూర్చుంది. నాలుగు తిట్టినా బాగుండేదని నల్లమూతి చాలా రోజులు కుమిలిపోయింది.

తర్వాత జంతువులన్నీ ముళ్లత్తను కబురుచెట్లకు పెద్దను చేశాయి. ప్రతి చెట్టుకూ అది తన వీపు మీది ముల్లు ఒకటి ఇచ్చింది. మొదటి ముల్లు నల్లమూతే చేయి చాచి అడిగి తీసుకుంది. ఈనాటికీ ఏ పొట్లం వచ్చినా ముందు చిల్లు పొడిచి, లెక్క చూసి, ఆ తర్వాతే పంపుతుంది. దాని చెట్టు తొర్రలో మాత్రం ఎండిపోయిన పాత పొట్లం ఒకటి ఉంది. మెత్తమ్మకు చేరాల్సిన ఆ పొట్లానికి ఒక్క చిల్లు కూడా లేదు.

నీతి: ఎంత మంచి ఆజ్ఞకైనా హద్దు ఉండాలి. హద్దు పెట్టమన్నవారిని చూసి నవ్వితే, తర్వాత ఎంత ఏడ్చినా పోయినవారు తిరిగి రారు.