తప్పు చూసినవాడే తట్ట ఎత్తాలి

వానలు దిగితే ఆ పల్లపు అడవి అంతా మునిగిపోతుంది. పిల్లల్ని వెంటేసుకుని వాగు దాటి మెట్టకు చేరాలంటే గట్టుబాట ఒక్కటే దిక్కు. పోయిన ఏడు ఆ బాట సగంలోనే ఆగింది, జింకపిల్లలు వరదకు పోయాయి. ఎందుకాగిందయ్యా అంటే, నక్క పితూరయ్యగారి పద్ధతి పుణ్యమా అని.

ఏం పద్ధతి అనుకున్నారు! తాబేలు దారి గీయాలి, అడవిపంది బొర్రన్న మట్టి పోయాలి, ఏనుగు కొండమ్మ రాళ్ళు పేర్చాలి. ఒకరి పని ముగిసేదాకా ఇంకొకరు అటు తొంగి చూడకూడదు. తీరా బొర్రన్న పోసిన గట్టు మీద కొండమ్మ రాయి కూర్చోదు. తప్పు నీదంటే నీదని ఇద్దరూ పితూరయ్య దగ్గరకే పంచాయితీకి పరిగెత్తేవాళ్ళు. తీర్పుకు ఇద్దరి దగ్గరా వాగులో పట్టిన ఎండ్రకాయలు పుచ్చుకునేవాడు ఆ మహానుభావుడు. బాట పెరగలేదు గానీ ఆయన బొజ్జ మాత్రం బాగానే పెరిగింది.

ఈ ఏడు కొండమ్మకు ఓపిక చచ్చింది. పనికి ముందే అందర్నీ కూర్చోబెట్టింది.

"బాట నిలిస్తే అందరి గొప్ప, కుంగితే అందరి తప్పు. లోపం కనిపిస్తే ఎవరైనా చెప్పొచ్చు. కానీ చెప్పినవాళ్ళే ముందు తట్ట ఎత్తాలి. అది బాగయ్యేదాకా దించకూడదు."

పితూరయ్యకు లోపల్లోపల ఒకటే నవ్వు. వీళ్ళ మొహాలకు కలిసి పనిచేయడం కూడానా! లోపలుంటే పుల్లలు పెట్టడం సులువని, అందరితోబాటు తనూ ఆ మాటకు ఒట్టేశాడు. ఆ ఒట్టేమిటో సరిగ్గా వినను కూడా లేదు.

తీరా చూస్తే పని పరుగెత్తింది. ఇక్కడ ఊట ఉందని తాబేలు అనగానే బొర్రన్న గట్టును పక్కకు జరిపాడు, ఆ పూటే కొండమ్మ రాళ్ళు దింపింది. పంచాయితీ లేదు, ఎండ్రకాయలూ లేవు. కడుపు మాడిన పితూరయ్య మెల్లగా కొండమ్మ చెవి దగ్గర చేరాడు.

"బొర్రన్న గట్టు మధ్యలో మెత్తగా వదిలేశాడమ్మా. రేపు నీ బిడ్డ కాలే దిగబడుతుంది. మనసొప్పక చెబుతున్నా."

పోయిన ఏడైతే కొండమ్మ బొర్రన్న మీదకు లేచేదే. ఇప్పుడు నిదానంగా అడిగింది, "చూసింది నువ్వేనా?"

"నేనే," అన్నాడు గొప్పగా.

"అయితే తట్ట అందుకో."

పితూరయ్య గబగబా లెక్క వేసుకున్నాడు. అబద్ధమని ఒప్పుకుంటే ఇక అడవిలో తన తీర్పుకు విలువేముంటుంది? ఏడవలేక నవ్వుతూ తట్ట ఎత్తి, రాయిలా ఉన్న గట్టు మీద బురదమట్టి కుమ్మరించాడు. తాబేలు దాని మీద నడిచి చూసింది.

"ఇప్పుడు నిజంగానే మెత్తబడింది మావా, నువ్వు పోసిన చోటే. గట్టిపడేదాకా తొక్కాలి మరి."

అందరూ తలా ఒక చెయ్యి వేశారు గానీ, ఒట్టు ప్రకారం ముందు నడవాల్సింది పితూరయ్యే. మొదటి వాన పడేసరికి జింకలు పిల్లలతో బాట మీదుగా వాగు దాటుతున్నాయి. మోకాళ్ళదాకా బురదతో ఇంకా తొక్కుతున్న పితూరయ్యను చూసి, కాస్త పక్కకు జరగమని ఓ తల్లిజింక కసిరింది. ఆయన జరిగాడు.

తగువుల మీద బతికేవాడికి, కలిసి పనిచేసేవాళ్ళ మధ్య మిగిలేది మట్టిపనే.