పైకి జరిగిన మీట

విశాఖపట్నంలో త్రినాథరావు అనే సింథసైజర్ వాద్యకారుడు ఉండేవాడు. పాటలో ఎవరు వినబడినా వినబడకపోయినా తన వాయిద్యం మాత్రం వినబడి తీరాలన్నది అతని పిచ్చి.

ఒకప్పుడు అతనూ రోజ్‌మేరి అనే గాయనీ కలిసి 'నియాన్' అనే బృందం నడిపేవారు. తబలాలూ వయొలిన్లూ ఉండేవి కావు. అన్ని వాయిద్యాల ధ్వనులూ పలికించే ఆ సింథసైజర్ మిషను అతను మోగించేవాడు, ఆమె పాడేది. కాలేజీ కుర్రాళ్లు వాళ్ల క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నారు. తర్వాత రోజ్‌మేరి గొంతుకు ఆపరేషన్ జరిగింది. బృందం మూతపడింది.

ముప్పై ఏళ్లకు త్రినాథరావుకు మళ్లీ ఒక ఆల్బమ్ చేయాలనిపించింది. రోజ్‌మేరి ఇంటికి వెళ్లి అడిగాడు.

"నా గొంతు ఇప్పుడు ఇంతే, త్రినాథ్. నీ మిషను ముందు నిలబడుతుందా?" అంది ఆమె.

"నీ గొంతు కోసమే పాటలు రాశాను రోజీ. నేను తగ్గి వాయిస్తాను," అని అతను మాటిచ్చాడు.

ఆ మాట నమ్మి ఆమె నెలల తరబడి సాధన చేసింది. ఆవిరి పట్టుకుని, వెనక గదిలో తలుపులు వేసుకుని పాడేది. ఆపరేషన్ తర్వాత ఆమె పాట ఒక్కసారి కూడా వినని భర్త డేవిడ్‌రాజు, గదిలోకి రానా అని అడిగేవాడు.

"ఇప్పుడు వద్దండీ, వణుకొస్తుంది. ఆల్బమ్ వచ్చాక వినండి," అనేది.

రికార్డింగ్ ముగిసింది. స్టూడియోలో గొంతుకొక మీట, వాయిద్యానికొక మీట ఉంటాయి. ఏ మీట పైకి జరిపితే ఆ శబ్దం పెరుగుతుంది. స్టూడియో ఇంజినీరు గఫూర్ రెంటినీ చక్కగా సరిచేశాడు. త్రినాథరావు ఊరుకున్నాడా? తన మీట కాస్త పైకి జరిపాడు. బాగుందనిపించింది. ఇంకాస్త జరిపాడు.

"సార్, అమ్మగారి మాటలు మునిగిపోతున్నాయి," అన్నాడు గఫూర్.

"ఎక్కడయ్యా? నాకు ఒక్కో మాటా స్పష్టంగా వినబడుతోంది. ఇలాగే ఖాయం చెయ్యి," అని అతను కసిరాడు.

అబద్ధమేమీ ఆడలేదు పాపం. ఆ పాటలు రాసింది అతనే. మాటలన్నీ మనసులో ఉన్నవే కాబట్టి, బయట లేకపోయినా అతనికి వినబడుతూనే ఉన్నాయి.

ఆల్బమ్ విడుదలకు హాలు నిండిపోయింది. మొదటి పాట వేశారు. సింథసైజర్ మోతకు హాలంతా దద్దరిల్లింది. జనం చప్పట్లు కొట్టారు. త్రినాథరావు మొహం వెలిగిపోయింది.

ముందు వరసలో డేవిడ్‌రాజు చెవి వెనక చెయ్యి పెట్టుకుని, ముందుకు వంగి కూర్చున్నాడు. పాట అయిపోయాక భార్య వైపు తిరిగాడు.

"నీ పాట ఎప్పుడు వేస్తారు?" అని ఆశగా అడిగాడు.

"ఇదేనండీ," అంది రోజ్‌మేరి, తల వంచుకుని.

పక్కనే కూర్చున్న త్రినాథరావు ఆ మాట విన్నాడు. రోజ్‌మేరి అతని వైపు తిరిగింది. "బాగా వాయించావు త్రినాథ్," అని మాత్రం అంది. నాలుగు తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

రెండో పాట మొదలవబోతుంటే అతను లేచి వేదిక ఎక్కాడు.

"ఆపండి. ఇందులో రోజ్‌మేరి పాడింది. మీకెవరికీ వినబడలేదు. తగ్గి వాయిస్తానని మాటిచ్చి, ఆవిడ గొంతు నొక్కింది నేనే. ఈ ఆల్బమ్ ఇలా బయటికి వెళ్లదు," అన్నాడు. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు డేవిడ్‌రాజును స్టూడియోకు తీసుకువెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు. తను చేతులు కట్టుకుని మూల నిలబడ్డాడు.

"ఈయనకు ప్రతి మాటా తెలిసేదాకా నా మీట దించు గఫూర్," అన్నాడు.

మీట దిగింది. వాయిద్యం వెనక్కి తగ్గింది. సన్నగా, కాస్త బొంగురుగా, రోజ్‌మేరి గొంతు బయటికి వచ్చింది. డేవిడ్‌రాజు పెదవులు ఆ మాటల వెంటే కదిలాయి. పాట అయ్యాక కళ్లు తుడుచుకుని త్రినాథరావు చేతులు పట్టుకున్నాడు.

"థాంక్సండీ, త్రినాథ్ గారూ. మా ఆవిడ పాట వినిపించారు," అన్నాడు.

త్రినాథరావు సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

నీతి: నలుగురితో కలిసి చేసే పనిలో మనం వినబడటం గొప్ప కాదు, మన మోతలో పక్కవారి గొంతు మునిగిపోకుండా చూసుకోవడమే గొప్ప.